రెండు నగరాల మధ్య విమాన ప్రయాణం: దూరం చూసి ఎంచుకోవాలా, గంటలు చూసి ఎంచుకోవాలా?

రెండు నగరాల పేర్లు ఇచ్చి వెతికితే తెరమీద మూడు అంకెలు కనిపిస్తాయి. నగరాల మధ్య దూరం ఒకటి, విమానం గాలిలో ఉండే సమయం ఒకటి, మొత్తం ప్రయాణానికి పట్టే సమయం ఒకటి. ఈ మూడూ చాలాసార్లు ఒకదానికొకటి పొసగవు. తక్కువ దూరమున్న దారిలో ఎక్కువ గంటలు పట్టవచ్చు. వెళ్లేటప్పుడు ఎనిమిది గంటలు పట్టిన ప్రయాణం తిరుగుదారిలో ఏడు గంటల్లోపే ముగియవచ్చు. మధ్యలో ఎక్కడా ఆగని విమానం, ఒకచోట ఆగే విమానం, రెండు వేర్వేరు టికెట్లు కలిపి కుదుర్చుకున్న ప్రయాణం ఒకే తెరమీద పక్కపక్కన నిలబడినప్పుడు దేన్ని నమ్మాలో తోచక, చివరికి కంటికి మొదట కనిపించినదాన్ని కొనేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఎన్నో ప్రయాణాలను కాగితం మీద లెక్కవేసుకున్నాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. విమానం కాస్త చుట్టుదారిన వెళ్లడం వల్ల పోయే సమయం కన్నా, మధ్యలో ఒకసారి దిగి మళ్లీ ఎక్కడం వల్ల పోయే సమయం చాలా ఎక్కువ. ఎనిమిది వందల యాభై కిలోమీటర్ల చుట్టుదారికి సుమారు ఒక గంట పడుతుంది. ఒక్క మజిలీకి ఎంత తక్కువ వేసుకున్నా రెండు, మూడు గంటలు పోతాయి. అందువల్ల దూరాన్ని తెలుసుకోవాలి కానీ, నిర్ణయం మాత్రం మజిలీలను బట్టి తీసుకోవాలి. ఎందుకో కింద వివరంగా చూద్దాం.

ముందుగా చూడవలసిన కొలమానాలు

మొదటిది దూరం. రెండు నగరాల మధ్య దూరం అని పట్టికల్లో ఇచ్చేది సాధారణంగా మహావృత్త దూరం, అంటే గోళం ఉపరితలం మీద ఆ రెండు బిందువులను కలిపే అతి దగ్గరి దారి. గోడకు వేలాడే పటం మీద స్కేలుతో గీసిన గీత ఈ దారి కాదు. ఇంట్లో గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని, ఒక కొసను లండన్ మీద, రెండో కొసను లాస్ ఏంజెలెస్ మీద బొటనవేళ్లతో నొక్కిపట్టి, సడలు లేకుండా బిగించి చూడండి. పటం మీద అట్లాంటిక్ నడిమధ్య నుంచి అడ్డంగా పోతుందనుకున్న దారం వేళ్ల కింద జారి, పైకి పాకి గ్రీన్‌లాండ్ మీద కూర్చుంటుంది. న్యూయార్క్, టోక్యోల మధ్య పెట్టి చూస్తే అలాస్కా వైపు ఎగబాకుతుంది. దారం ఎక్కడ కుదురుకుందో గుర్తుపెట్టుకుంటే, మధ్యలో ఆగదలచిన నగరం ఆ దారానికి దగ్గరగా ఉందో, దూరంగా ఉందో ఒక్క చూపులో తెలిసిపోతుంది. టికెట్లు పోల్చేటప్పుడు ఇంతకన్నా తేలికైన పనిముట్టు నాకు తెలియదు.

విమానాలు అచ్చంగా ఆ దారం మీదే ఎగరవు. గాలులు, తుపానులు, రద్దీ, మూసివేసిన గగనతలాలు దారిని పక్కకు జరుపుతాయి. దీనికి హెల్సింకి, టోక్యోల మధ్య ప్రయాణం స్పష్టమైన ఉదాహరణ. ఆ రెండింటి మధ్య మహావృత్త దూరం సుమారు 7,800 కిలోమీటర్లు, ఆ దారిలో అత్యధిక భాగం రష్యా మీదుగా పోతుంది. 2022లో ఆ గగనతలం ఐరోపా సంస్థలకు మూతపడేదాకా తొమ్మిదిన్నర గంటల్లో ముగిసే ప్రయాణం, ఆ తర్వాత ఉత్తర ధ్రువం వైపు నుంచో దక్షిణంగానో చుట్టి వెళ్లవలసి రావడంతో సుమారు పదమూడు గంటలకు పెరిగింది. నగరాలు కదలలేదు, పట్టికలో దూరమూ మారలేదు. కాబట్టి పాత జ్ఞాపకం మీద ఆధారపడి ఒక మార్గానికి ఇన్ని గంటలని తేల్చేయకుండా, ప్రయాణించబోయే తేదీకి ప్రకటించిన సమయాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

రెండవది విమాన సమయం. సుదూర విమానాలు పైకి చేరాక గంటకు సుమారు 830 నుంచి 910 కిలోమీటర్ల వేగంతో పోతాయి. ఎక్కడానికి, దిగడానికి, నేల మీద రన్‌వే దాకా పాకడానికి పట్టే సమయాన్ని కలుపుకుంటే నేను వాడే సులువైన లెక్క ఇది: కిలోమీటర్లలో దూరాన్ని 850తో భాగించి, దానికి అరగంట కలపాలి. లండన్, న్యూయార్క్‌ల మధ్య సుమారు 5,540 కిలోమీటర్లు, లెక్క ప్రకారం ఏడు గంటలు. సింగపూర్, న్యూయార్క్‌ల మధ్య సుమారు 15,350 కిలోమీటర్లు, లెక్క ప్రకారం పద్దెనిమిది గంటల ముప్ఫై ఐదు నిమిషాలు. ప్రకటిత సమయాలు కూడా దాదాపు ఇంతే ఉంటాయి. టికెట్ మీది అంకె ఈ లెక్కకు గంటన్నరకు మించి ఎక్కువగా ఉంటే, ఆ విమానం మధ్యలో ఎక్కడో ఆగుతున్నట్టో, ఏదో గగనతలాన్ని తప్పించుకుని వెళుతున్నట్టో అనుకుని మరోసారి చూడాలి.

గాలి ప్రభావాన్ని తేలికగా తీసుకోకూడదు. భూమికి పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, ధ్రువాలకూ భూమధ్యరేఖకూ నడుమ, పడమర నుంచి తూర్పుకు జెట్ ప్రవాహం అనే బలమైన గాలి పట్టీ వీస్తుంటుంది. దీని వేగం గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటడం మామూలే, చలికాలంలో మరింత ఎక్కువ. తూర్పుకు వెళ్లే విమానాన్ని ఇది వెనక నుంచి తోస్తుంది, పడమరకు వెళ్లేదానికి ఎదురు నిలుస్తుంది. న్యూయార్క్ నుంచి లండన్‌కు ఏడు గంటలలోపు చేరే విమానం తిరుగుదారిలో ఎనిమిది గంటల దాకా తీసుకోవడానికి కారణం ఇదే. 2020 ఫిబ్రవరిలో ఒక పెద్ద తుపాను వేళ, వెనకగాలి సాయంతో ఒక ప్రయాణికుల విమానం ఇదే దారిలో న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. ఉత్తర దక్షిణాలుగా సాగే ప్రయాణాల్లో ఈ తేడా అంతగా కనిపించదు.

మూడవది మొత్తం సమయం, అంటే ఇంటి గడప దాటినప్పటి నుంచి గమ్యంలో గడప తొక్కే దాకా పట్టేది. విమానాశ్రయానికి చేరడం, తనిఖీలు, ఎక్కేముందు నిరీక్షణ, దిగాక లగేజీ కోసం నిలబడడం, ఊళ్లోకి చేరడం అన్నీ ఇందులోకే వస్తాయి. ఒకే నగరానికి ఒకటికి మించి విమానాశ్రయాలు ఉన్నచోట ఈ కొలమానం అన్నిటినీ మించిపోతుంది. టోక్యోలో హనేదా నగరాన్ని ఆనుకుని ఉంటే, నరిటా నగరం నడిబొడ్డు నుంచి సుమారు అరవై కిలోమీటర్ల దూరంలో ఉంది. లండన్‌లో హీత్రో, గాట్విక్, స్టాన్‌స్టెడ్, లూటన్, సిటీ, సౌతెండ్ అని ఆరు ఉన్నాయి. విమాన సమయంలో మిగుల్చుకున్న నలభై నిమిషాలను విమానాశ్రయం నుంచి ఊళ్లోకి చేరడంలోనే పోగొట్టుకోవడం ఇలాంటి నగరాల్లో చాలా తేలిక.

నాలుగవది దిగే వేళ. ఐదవది ఏదైనా గాడి తప్పితే బాధ్యత ఎవరిది అన్న ప్రశ్న. ఈ రెంటినీ ఒక్కొక్క మార్గం దగ్గరే చూద్దాం.

మొదటి మార్గం: ఎక్కడా ఆగని విమానం

నాన్‌స్టాప్ విమానం ఎక్కిన చోటు నుంచి దిగే చోటుదాకా మధ్యలో నేలను తాకదు. సమయంలో దీనికి సాటి లేదు. లగేజీ దారి తప్పే అవకాశం కూడా ఇందులోనే తక్కువ, ఎందుకంటే పెట్టెను ఒక విమానంలోంచి దించి మరో విమానంలోకి ఎక్కించే పనే ఉండదు. మూడో దేశపు ట్రాన్సిట్ వీసా, అక్కడి తనిఖీల బెడదా ఉండవు.

అయినా లోటుపాట్లు ఉన్నాయి. పదిహేను గంటలు దాటిన ప్రయాణం శరీరానికి నిజంగా శ్రమ. సింగపూర్, న్యూయార్క్‌ల మధ్య నడిచే అతి సుదూర ఎయిర్‌బస్ ఏ350 విమానంలో మామూలు ఎకానమీ తరగతే లేదు. పెర్త్ నుంచి లండన్‌కు సుమారు 14,500 కిలోమీటర్లను పదిహేడు గంటలకు పైగా ఏకబిగిన దాటే విమానంలో మాత్రం ఆ తరగతి ఉంది. ఇంతంత దూరాలకు విమానం ఏ రకందో చూసుకోవడం వృథా శ్రమ కాదు. ఏ350, బోయింగ్ 787 వంటి కొత్త విమానాల్లో లోపలి గాలి పీడనాన్ని సుమారు 1,800 మీటర్ల ఎత్తుకు సమానంగా ఉంచుతారు. పాత తరం విమానాల్లో అది 2,400 మీటర్ల దాకా పోతుంది. రెండు మూడు గంటల ప్రయాణంలో ఈ తేడా తెలియదు. పదిహేను గంటల తర్వాత తలనొప్పి, అలసటల రూపంలో తెలుస్తుంది.

మరో చిక్కు కూడా ఉంది. చాలా నగరాల మధ్య నాన్‌స్టాప్ విమానం రోజుకు ఒకటే ఉంటుంది, కొన్నిచోట్ల వారానికి మూడు నాలుగు రోజులే. అది రద్దయితే తర్వాతిది రేపో ఎల్లుండో. పెద్ద కూడలి నగరం మీదుగా వెళ్లేవారికి రోజుకు రెండు మూడు అవకాశాలు ఉంటాయి కాబట్టి, ఒకటి పోయినా మరొకటి దొరుకుతుంది. నాన్‌స్టాప్ ఎంచుకునేవారు ఆ మార్గంలో రోజుకు ఎన్ని విమానాలున్నాయో చూసి ఎంచుకుంటే మేలు.

రెండవ మార్గం: పేరుకు డైరెక్ట్

డైరెక్ట్ అన్న మాటను మామూలుగా నాన్‌స్టాప్‌కు పర్యాయపదంగా వాడుతాం, కానీ విమానయాన పరిభాషలో రెండూ ఒకటి కావు. డైరెక్ట్ అంటే మొదటి నుంచి చివరిదాకా విమానం నంబరు మారదని మాత్రమే అర్థం. మధ్యలో అది ఒకచోట దిగవచ్చు, కొన్నిసార్లు విమానమే మారవచ్చు. దిగిన చోట లోపలే కూర్చోనిస్తారా, చేతి సామానుతో సహా దించి మళ్లీ తనిఖీ చేసి ఎక్కిస్తారా అన్నది ఆ విమానాశ్రయాన్ని బట్టి ఉంటుంది. కొనుగోలు పేజీలో ఆగే చోట్ల సంఖ్య సున్నా అని ఉందో లేదో చూస్తే ఈ సందేహం తీరిపోతుంది. విమానం మారనంతవరకు, రెండో విమానం తప్పిపోతుందన్న దిగులు లేకపోవడం దీనిలోని మంచి. ఆగే సమయం గంటన్నర లోపు అయితే ఒకచోట మారే ప్రయాణం కన్నా ఇదే నయం.

మూడవ మార్గం: ఒకే టికెట్ మీద ఒకచోట మారడం

ఎక్కువమందికి చివరికి మిగిలే ఎంపిక ఇదే, ఎక్కువ తికమక కూడా ఇక్కడే. సిడ్నీ నుంచి లండన్‌కు వెళ్లాలనుకుందాం. రెండింటి మధ్య మహావృత్త దూరం సుమారు 17,020 కిలోమీటర్లు. నాలుగు కూడళ్ల మీదుగా లెక్కవేస్తే ఇలా వస్తుంది. సమయం పైన చెప్పిన సూత్రం ప్రకారం వేసినది, గాలిలోనూ రన్‌వే మీదా గడిచేది మాత్రమే. మజిలీలో నిరీక్షించే సమయాన్ని ఇందులో కలపలేదు.

| మధ్యలో ఆగే నగరం | రెండు అంచెల దూరం (కి.మీ., సుమారు) | మొత్తం (కి.మీ.) | చుట్టుదారి (కి.మీ.) | లెక్క ప్రకారం సమయం |
|---|---|---|---|---|
| సింగపూర్ | 6,300 + 10,880 | 17,180 | 160 | 21 గం. 15 ని. |
| దుబాయ్ | 12,040 + 5,500 | 17,540 | 520 | 21 గం. 40 ని. |
| పెర్త్ | 3,280 + 14,500 | 17,780 | 760 | 21 గం. 55 ని. |
| లాస్ ఏంజెలెస్ | 12,050 + 8,780 | 20,830 | 3,810 | 25 గం. 30 ని. |

మొదటి మూడింటి మధ్య తేడా నలభై నిమిషాలే. సింగపూర్ మీదుగా వెళ్లే విమానంలో మజిలీ నాలుగు గంటలు, దుబాయ్ మీదుగా వెళ్లేదానిలో రెండు గంటలు ఉంటే, దూరంలో వెనకబడిన దుబాయే ముందు చేరుస్తుంది. చుట్టుదారి నిజంగా లెక్కలోకి వచ్చేది లాస్ ఏంజెలెస్ వంటి చోటనే, అక్కడ దారం నుంచి ఏకంగా మరో దిక్కుకు పోతున్నాం కాబట్టి. నా వరకు నేను పెట్టుకున్న హద్దు ఇది: చుట్టుదారి అసలు దూరంలో పదో వంతు లోపు ఉంటే దాన్ని పూర్తిగా పక్కనపెట్టి, మజిలీ ఎంతసేపు అన్నదాన్నే చూస్తాను. పదో వంతు దాటితేనే కిలోమీటర్లను పట్టించుకుంటాను.

మజిలీ ఎంతసేపు ఉండాలి? ఒక విమానాశ్రయంలో దిగి మరో విమానం అందుకోవడానికి కావలసిన కనీస వ్యవధి ప్రతిచోటా నిర్ణయించి ఉంటుంది, అంతకు తక్కువ వ్యవధితో ఒకే టికెట్‌ను అమ్మరు. ఆ కనీస వ్యవధి అన్నీ సవ్యంగా జరిగినప్పటిది. సుదూర ప్రయాణాల్లో రెండు నుంచి మూడు గంటలు ఉంటే నేను ధైర్యంగా కొంటాను. గంటంబావు ఉంటే, ఆ తర్వాత అదే రోజు మరో విమానం ఉందని చూసుకున్నాకే కొంటాను. ఆరు గంటలు దాటితే, అక్కడ ఊళ్లోకి వెళ్లే అనుమతి, వసతి ఉంటే తప్ప, ఆ సమయమంతా కుర్చీలో కరిగిపోతుంది.

అంచెలు ఎక్కడ విడిపోతున్నాయో కూడా చూడాలి. మొదటి అంచె పద్నాలుగు గంటలు, రెండోది ఏడు గంటలు అయితే మొదటి అంచెలోనే నిండుగా నిద్రపోవచ్చు. పది, పదకొండు గంటల చొప్పున సమంగా విడిపోతే నిద్ర రెండుసార్లు చెడుతుంది. నిద్ర తేలికగా పట్టనివారు మాత్రం సమంగా విడిపోయే దారినే ఇష్టపడవచ్చు, మధ్యలో నడుము సాచి నడిచే వీలు దొరుకుతుంది కనుక.

ఆగే దేశపు నియమాలు మరిచిపోకూడదు. అమెరికాలో మరో దేశానికి మారి వెళ్లేవారు సైతం ఇమ్మిగ్రేషన్ దాటవలసిందే, దానికి తగిన వీసా లేదా అనుమతి ఉండవలసిందే. పై పట్టికలో లాస్ ఏంజెలెస్ వెనకబడడానికి ఇది మరో కారణం. కొన్ని దేశాల పౌరులకు ఐరోపాలోనూ బ్రిటన్‌లోనూ విమానాశ్రయం దాటకపోయినా ట్రాన్సిట్ వీసా కావాలి. టికెట్ అమ్మే సైటు ఈ విషయం చెప్పకపోవచ్చు. ఆ దేశపు అధికారిక పేజీలో మీ పాస్‌పోర్టు ఏ దేశానిదో దాన్ని బట్టి చూసుకున్నాకే డబ్బు కట్టండి.

ఒకే టికెట్ కావడం వల్ల వచ్చే భద్రత చాలా పెద్దది. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, మిమ్మల్ని మరో విమానంలో గమ్యం చేర్చే పూచీ సంస్థదే. ఐరోపా సమాఖ్య 2004లో తెచ్చిన 261వ నియమావళిలో పరిహారాన్ని 1,500, 3,500 కిలోమీటర్ల హద్దులతో విభజించారు, ఆ దూరాన్ని మహావృత్త పద్ధతిలోనే కొలవాలని అందులోనే రాశారు. మధ్యలో మారే ప్రయాణమైతే మొదటి నగరం నుంచి చివరి నగరానికి ఉన్న దూరాన్నే తీసుకోవాలి తప్ప చుట్టుదారిని కలపరాదని 2017లో ఐరోపా న్యాయస్థానం తేల్చింది. గ్లోబు మీద మనం బిగించిన దారానికి ఇలా చట్టంలో కూడా చోటు దక్కింది.

నాలుగవ మార్గం: రెండు వేర్వేరు టికెట్లు

రెండు సంస్థల టికెట్లను విడివిడిగా కొని మనమే కలుపుకోవడం నాలుగో పద్ధతి. కాగితం మీద ఇది అన్నిటికన్నా ముచ్చటగా కనిపిస్తుంది, ఎందుకంటే మనకు నచ్చిన వేళలను మనమే ఏరుకుంటాం. అయితే రెండు టికెట్లకూ మధ్య ఏ సంబంధమూ లేదు. మొదటిది ఆలస్యమైతే రెండో సంస్థ దృష్టిలో మీరు వేళకు రాని ప్రయాణికులు, అంతే.

ఒకసారి నేనూ ఇలా వెళ్లాను. మధ్యలో మూడు గంటల వ్యవధి ఉంది, చాలుననుకున్నాను. మొదటి విమానం యాభై నిమిషాలు ఆలస్యంగా దిగింది. ఇమ్మిగ్రేషన్ వరుస మెలికలు తిరిగి గోడదాకా ఉంది, అది దాటేసరికి మరో యాభై నిమిషాలు. తర్వాత లగేజీ బెల్టు దగ్గర నిలబడ్డాను. రబ్బరు తెర పైకి లేచినప్పుడల్లా నాదేమోనని ఒక అడుగు ముందుకు వేయడం, ఎవరిదో ఎర్రపెట్టె చూసి వెనక్కి తగ్గడం. నా పెట్టె చేతికి వచ్చి, మరో టెర్మినల్ కౌంటరు దగ్గరికి పరుగెత్తేసరికి బయలుదేరే వేళకు నలభై నిమిషాలు మిగిలాయి. గంట ముందే చెకిన్ మూసేశారు. విమానం అద్దాల అవతల కళ్లెదురుగానే నిలబడి ఉంది. కౌంటరులో ఉన్నవాళ్ల తప్పేమీ లేదు, నియమం అదే. ఆ రాత్రి నేను వేసిన లెక్కలో విమానాల వేళలు ఉన్నాయి కానీ, వరుసలో నిలబడే నిమిషాలు లేవు.

ఈ పద్ధతిని పూర్తిగా కొట్టిపారేయను. చేతి సామానుతో మాత్రమే వెళ్లేవారికి, మధ్యలో ఒక రాత్రి ఆ ఊళ్లోనే గడపదలచినవారికి ఇది చక్కగా కుదురుతుంది. అదే రోజు మారేటట్టయితే ఐదు గంటల వ్యవధికి తగ్గవద్దని నా సలహా. రెండు విమానాలూ ఒకే విమానాశ్రయం నుంచేనా అన్నది కూడా చూడాలి. హీత్రోలో దిగి గాట్విక్‌లో ఎక్కవలసిన టికెట్లను లండన్ అన్న ఒక్క పేరు చూసి కలిపేసుకుంటే, ఆ ఐదు గంటలూ చాలకపోవచ్చు. మధ్యలోని దేశంలోకి ప్రవేశించి సామాను తీసుకోవాలి కనుక, ట్రాన్సిట్ వీసా బదులు ప్రవేశ వీసాయే కావలసి రావచ్చు.

దగ్గరి నగరాలైతే

ఐదారు వందల కిలోమీటర్ల దూరానికి, వేగవంతమైన రైలు ఉన్నచోట, విమానంతో పోలికే అనవసరం. టోక్యో, ఒసాకాల మధ్య సుమారు 515 కిలోమీటర్ల పట్టాల మీద షింకన్‌సెన్ అనే జపాన్ వేగరైలు రెండున్నర గంటల లోపు చేరుస్తుంది. విమానం గాలిలో గడిపేది గంట చిల్లరే అయినా, విమానాశ్రయాలకు చేరడం, తనిఖీలు, నిరీక్షణ కలుపుకుంటే రైలుకన్నా ముందు చేరడం కష్టం. మాడ్రిడ్, బార్సిలోనాల మధ్య 621 కిలోమీటర్లకు కూడా ఇంతే. పరుగు వేగమైన రైలులో నాలుగు గంటల లోపు చేరగలిగితే రైలు, దాటితే విమానం అన్నది నా లెక్క.

ఎవరికి ఏది

| మార్గం | మొత్తం సమయం | గాడి తప్పితే పూచీ | సామాను | ముఖ్యంగా చూసుకోవలసినది |
|---|---|---|---|---|
| నాన్‌స్టాప్ | అన్నిటికన్నా తక్కువ | సంస్థదే | నేరుగా గమ్యానికి | రోజుకు ఎన్ని విమానాలు |
| డైరెక్ట్, మధ్యలో ఆగేది | గంట నుంచి మూడు గంటలు అదనం | సంస్థదే | సాధారణంగా నేరుగా | మధ్యలో దించుతారా |
| ఒకే టికెట్, ఒక మార్పు | రెండున్నర గంటలు, ఆపైన అదనం | సంస్థదే | సాధారణంగా నేరుగా, కొన్ని దేశాల్లో మినహాయింపు | మజిలీ వ్యవధి, వీసా |
| వేర్వేరు టికెట్లు | ఊహించలేం | ప్రయాణికుడిదే | మధ్యలో తీసుకుని మళ్లీ అప్పగించాలి | ఐదు గంటల వ్యవధి, విమానాశ్రయం పేరు |

ఒంటరిగా ప్రయాణించే పెద్దవాళ్ల విషయంలో నేను రాజీపడను. అమ్మనో నాన్ననో మొదటిసారి విదేశానికి పంపుతుంటే నాన్‌స్టాప్ ఉన్నంతవరకు అదే కొనండి. అది లేకపోతే ఒకే టికెట్ మీద, ఒకే టెర్మినల్‌లో మారే విమానాన్ని మూడు గంటల వ్యవధితో చూసి, టికెట్ కొన్నప్పుడే చక్రాల కుర్చీ సాయం అడగండి. నడవగలిగినవాళ్లకు కూడా అది అవసరమే. కాళ్ల కోసం కాకపోయినా, తెలియని భాషలో బోర్డులు చదివి గేటు వెతుక్కునే శ్రమ తప్పుతుంది, పక్కన ఒక మనిషి ఉంటాడు.

పసిపిల్లలతో వెళ్లేవారికి సమాధానం అంత సూటిగా ఉండదు. ఎనిమిది గంటల లోపు ప్రయాణమైతే నాన్‌స్టాప్, అనుమానం లేదు. పద్నాలుగు గంటలు దాటితే, నడక నేర్చిన పిల్లవాడికి మధ్యలో రెండు గంటలు పరుగెత్తే చోటు దొరకడం తల్లిదండ్రులకూ ఊరటే. ఇంకా నడక రాని బిడ్డతో అయితే రాత్రి బయలుదేరే నాన్‌స్టాపే మేలు.

మర్నాడే సమావేశమో పరీక్షో ఉన్నవారు విమాన సమయం కన్నా దిగే వేళను ముందు చూడాలి. తూర్పుకు వెళితే రోజు కుంచించుకుపోతుంది, పడమరకు వెళితే సాగుతుంది. చాలామంది శరీరాలు సాగిన రోజుకు అలవాటుపడినంత సులువుగా కుంచించుకున్న రోజుకు అలవాటుపడవు. తూర్పు ప్రయాణమైతే ఒక రోజు ముందే చేరేలా, సాయంత్రం దిగి రాత్రికి పడుకునేలా చూసుకోవాలి. ఉదయం ఆరుకు దిగి తొమ్మిదికి సమావేశంలో కూర్చునే ఏర్పాటు తెరమీద ఎంత పొందికగా కనిపించినా వద్దు.

ఆరోగ్య సమస్యలున్నవారికి ఒక మాట. నాలుగు గంటలు, అంతకుమించి కదలకుండా కూర్చుని చేసే ప్రయాణం తర్వాత రక్తనాళాల్లో గడ్డకట్టే ముప్పు సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెలువరించిన పరిశోధన తేల్చింది. ఆరోగ్యవంతుల్లో అది ఆరువేల మందిలో ఒకరికి రాగల ముప్పు, అంటే భయపడవలసినంత లేదు. కానీ కొద్దిరోజుల్లో పలు విమానాలు ఎక్కినా ముప్పు పెరుగుతుందని అదే పరిశోధన చెప్పింది. కాబట్టి మధ్యలో ఆగినంత మాత్రాన ఆ బెడద తీరిపోదు. ఏ దారి ఎంచుకున్నా గంటకోసారి లేచి నడవడం, పిక్కలు కదిలించడం, ఇదివరకు గడ్డకట్టిన చరిత్ర ఉంటే వైద్యుణ్ణి ముందే కలవడం తప్పనిసరి.

చదువుకోసం ఇల్లు విడిచి, రెండు నిండు పెట్టెలతో వెళ్లే విద్యార్థికి ఒకే టికెట్ చాలా ముఖ్యం. వేర్వేరు టికెట్లలో ఒక సంస్థ అనుమతించే బరువు, రెండో సంస్థ అనుమతించే బరువు ఒకటిగా ఉండకపోవచ్చు. మధ్య ఊళ్లో కౌంటరు ముందు పెట్టె తెరిచి బట్టలు బయటికి తీయవలసిన పరిస్థితి ఏ విద్యార్థికీ రాకూడదు.

డబ్బు కట్టేముందు

టికెట్ మీది వేళలన్నీ ఆయా నగరాల స్థానిక కాలంలోనే ఉంటాయి. అందువల్ల దిగే వేళలోంచి ఎక్కే వేళను తీసివేస్తే ప్రయాణ సమయం రాదు, ముందు రెండు నగరాల కాలవ్యత్యాసాన్ని సరిచేయాలి. ఆక్లాండ్‌లో సాయంత్రం ఎక్కినవారు పన్నెండు గంటలు ప్రయాణించి లాస్ ఏంజెలెస్‌లో అదే తేదీ మధ్యాహ్నం దిగుతారు, మధ్యలో అంతర్జాతీయ దినరేఖ దాటారు కనుక. తిరుగుదారిలో రాత్రి ఎక్కినవారు ఒక తేదీని పూర్తిగా వదిలేసి ఎల్లుండి ఉదయం దిగుతారు. దిగే వేళ పక్కన చిన్న అక్షరాల్లో ఉండే ప్లస్ ఒకటి, ప్లస్ రెండు అన్న గుర్తులు చెప్పేది దీన్నే. హోటల్ గది, మిమ్మల్ని తీసుకువెళ్లడానికి వచ్చే మనిషి, తర్వాతి రైలు టికెట్ అన్నీ ఆ గుర్తు చూసిన తేదీకే కుదుర్చుకోవాలి.